సింధుతీరంలో ఒక సంధి

కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి వద్ద బండరాళ్లపై అశోకచక్రవర్తి చెక్కించిన శాసనాలున్నాయి. బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో ఉన్న ఆ శాసనాలలో రెండవదానిని చదివినవారికి ఒకచోట ఆశ్చర్యం కలుగుతుంది. మనుష్యులకూ పశువులకూ చికిత్స జరిగే ఏర్పాట్లు తన రాజ్యంలోనే గాక చోళ, పాండ్య, కేరళపుత్ర దేశాలలోనూ, తామ్రపర్ణిలోనూ, 'అంతియోకు'డనే యవనరాజు దేశంలోనూ, అతని ఇరుగుపొరుగు రాజుల దేశాలలోనూ చేయించినట్లు అశోకుడు అందులో ప్రకటించాడు. చోళులూ పాండ్యులూ మనకు తెలిసినవారే. తామ్రపర్ణి అంటే సింహళం. ఇక ఆ అంతియోకుడు పశ్చిమాసియాలో విశాలమైన రాజ్యాన్ని ఏలిన గ్రీకురాజు రెండవ ఆంటియోకస్. ఎక్కడో మధ్యధరా సముద్రం వైపు ఉన్న ప్రభువు పేరు రాయలసీమ బండమీదికి ఎలా వచ్చింది?

ఈ ప్రశ్నకు సమాధానం రెండు తరాల వెనుక ఉన్నది. అశోకుని తాత చంద్రగుప్త మౌర్యుడు. రెండవ ఆంటియోకస్ తాత సెల్యూకస్. ఆ తాతలిద్దరూ సింధునదీ ప్రాంతం కోసం తలపడినవారు. యుద్ధంతో మొదలైన వారి పరిచయం సంధిగా మారింది. ఆ సంధి స్నేహంగా ఎదిగి, మనుమల కాలాన్ని కూడా దాటి నిలిచింది. రాజు మరణించగానే అతడు చేసుకున్న ఒడంబడికలు కూడా తరచుగా మరణించే ఆ కాలంలో, ఈ ఒడంబడిక మాత్రం అంత దీర్ఘకాలం ఎందుకు బ్రతికిందన్నది ఆలోచింపదగిన విషయం.

క్రీ.పూ. 327లో మాసిడోనియా ప్రభువైన అలెగ్జాండర్ హిందూకుష్ పర్వతాలను దాటి మన దేశపు వాయవ్యభాగంలో అడుగుపెట్టాడు. తక్షశిల రాజు అతనికి స్వాగతం పలికాడు. జీలం నదీతీరంలో మాత్రం గ్రీకులు పోరస్ అని పేర్కొన్న పౌరవరాజు ఎదురు నిలిచాడు. క్రీ.పూ. 326లో జరిగిన ఆ యుద్ధంలో పౌరవుని సేనకు ముందువరుసలో 200 ఏనుగులు నిలిచాయని ఏరియన్ అనే చరిత్రకారుడు వ్రాశాడు. విజయం గ్రీకులదే అయినా, ఆ ఏనుగులు కలిగించిన బెదురు వారిని విడిచిపోలేదు. బియాస్ నది చేరేసరికి సైనికులు ఇక అడుగు ముందుకు వేయమని మొండికెత్తారు. గంగానది ఆవల 6,000 ఏనుగులతో ఒక మహాసేన తమకోసం కాచుకొని ఉన్నదన్న వార్త వారి చెవిన పడిందని ప్లూటార్క్ చెప్పాడు. అలెగ్జాండర్ వెనుదిరుగక తప్పలేదు.

జీలం యుద్ధంలో అలెగ్జాండర్ అంగరక్షక పదాతిదళానికి నాయకత్వం వహించిన యువకుడు ఒకడున్నాడు. అతడే సెల్యూకస్. మదపుటేనుగులు సేనావ్యూహాలను ఎలా చిందరవందర చేయగలవో, వాటి వాసన తగిలితేనే గుర్రాలు ఎలా బెదరిపోతాయో అతడు కళ్లారా చూశాడు. ఇరవై యేళ్ల తరువాత సంధి కుదుర్చుకొనేటప్పుడు అతడు ఏమి కోరాడో తెలిసినప్పుడు ఈ సంగతిని గుర్తుచేసుకోవాలి.

క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ బాబిలోన్‌లో మరణించాడు. అతని సామ్రాజ్యాన్ని పంచుకోవడానికి సేనానులు ఒకరితో ఒకరు యుద్ధాలకు దిగారు. సింధుప్రాంతంలో అతడు నిలిపి వెళ్లిన అధికారులలో కొందరు హతులయ్యారు, కొందరు ఉన్న సేనను వెంటబెట్టుకొని పశ్చిమానికి తరలిపోయారు. ఇదే సమయంలో మగధలో నందవంశాన్ని కూలద్రోసి చంద్రగుప్తుడు రాజయ్యాడు. అలెగ్జాండర్ నియమించిన పాలకులను తొలగించి భారతీయులకు స్వేచ్ఛ కల్పించినవాడు చంద్రగుప్తుడేనని జస్టిన్ అనే రోమన్ రచయిత మెచ్చుకొన్నాడు. మెచ్చుకొన్న నోటితోనే, తాను విడిపించిన ప్రజలను తానే దాస్యంలో ఉంచాడని నిష్ఠురమూ ఆడాడు. బాల్యంలో చంద్రగుప్తుడు అలెగ్జాండర్‌ను చూశాడని ప్లూటార్క్ మాట. నందరాజును ప్రజలు ఏవగించుకొనేవారు గనుక అలెగ్జాండర్ ఇంకొంచెం ముందుకు వచ్చి ఉంటే దేశం సులువుగా అతని వశమయ్యేదని చంద్రగుప్తుడు తరువాతి కాలంలో అంటుండేవాడట. పరాజితులను చూసి నవ్వడం సులభం. శత్రువు ఎక్కడ ఎలా అవకాశం జారవిడుచుకొన్నాడో ఇలా లెక్కగట్టి చెప్పగలగడం రాజనీతి తెలిసినవాని లక్షణం.

సెల్యూకస్ దారి ఇంత సూటిగా సాగలేదు. బాబిలోన్ పాలకుడిగా నియమితుడైన కొద్ది సంవత్సరాలకే, ఒంటికన్ను ఆంటిగొనస్ అనే ప్రబల సేనానికి జడిసి, అతడు ఈజిప్టుకు పారిపోయి అక్కడి పాలకుడైన టాలమీని ఆశ్రయించాడు. క్రీ.పూ. 312లో చిన్న దండుతో తిరిగివచ్చి బాబిలోన్‌ను వశం చేసుకొన్నాడు. ఆ తరువాత ఇరాన్, బాక్ట్రియా ప్రాంతాలను జయిస్తూ తూర్పుగా సాగాడు. క్రీ.పూ. 305 ప్రాంతంలో రాజబిరుదు ధరించి, అలెగ్జాండర్ గెలిచిన సింధుప్రాంతం కూడా తనదే కావాలని నదిని దాటాడు. అక్కడ అతనికి ఎదురుపడినది చిన్నచిన్న రాజ్యాలు కావు, పాటలీపుత్రం నుండి సింధువు దాకా ఒకే ఛత్రం కింద ఉన్న మౌర్యసామ్రాజ్యం.

ఇక్కడ చరిత్ర మౌనం వహిస్తుంది. యుద్ధం ఎక్కడ జరిగింది, ఎన్నాళ్లు సాగింది, ఎవరు ఎంత నష్టపోయారు అన్న ప్రశ్నలకు ఏ గ్రంథమూ బదులు చెప్పదు. సెల్యూకస్ సింధువు దాటి చంద్రగుప్తునితో యుద్ధం చేశాడనీ, పిదప స్నేహమూ వియ్యమూ కుదిరాయనీ అప్పియన్ ఒక్క వాక్యంలో ముగించాడు. తూర్పు వ్యవహారాలు చక్కబెట్టుకొని సెల్యూకస్ ఆంటిగొనస్ మీదికి మరలాడని జస్టిన్ చెప్పి ఊరుకొన్నాడు. మన పురాణాలు మౌర్యరాజుల పేర్లు ఇచ్చాయే తప్ప సెల్యూకస్ ఊసెత్తలేదు. చంద్రగుప్తుడు ఘోరయుద్ధంలో సెల్యూకస్‌ను చిత్తుచేశాడని చిన్నతరగతుల్లో మనలో చాలామంది చదువుకొన్నాం. అది పూర్తిగా అసత్యమని అనలేం. కాని అది సంధి షరతుల నుండి వెనక్కి ఊహించి చెప్పిన మాట. చూసినవారు వ్రాసిపెట్టిన మాట కాదు. ఈ రెండింటి మధ్య భేదం తెలుసుకోవడమే చరిత్రను చదవడంలో మొదటి మెట్టు.

క్రీ.పూ. 303 నాటికి కుదిరిన ఆ సంధి షరతులను ముఖ్యంగా స్ట్రాబో అనే భూగోళవేత్త భద్రపరచాడు. సెల్యూకస్ సింధువుకు పడమటనున్న ప్రాంతాలను చంద్రగుప్తునికి విడిచిపెట్టాడు. నేటి కాందహార్ పరిసరాలైన ఆరకోసియా, కాబూల్ లోయను ఆనుకొన్న పరోపమిసదై, బెలూచిస్తాన్‌లోని గెడ్రోసియాలో కొంతభాగం అందులో చేరాయి. హెరాత్ ప్రాంతమైన ఏరియా కూడా మౌర్యులకు దక్కిందా లేదా అన్నది వివాదాస్పదం. దీనికి ప్రతిగా చంద్రగుప్తుడు 500 ఏనుగులను ఇచ్చాడు. ఇరుపక్షాల మధ్య వివాహసంబంధం ఏర్పడింది.

పైపైన చూస్తే ఈ బేరం అసమానంగా కనిపిస్తుంది. అంత భూమి ఎక్కడ, 500 ఏనుగులెక్కడ అనిపిస్తుంది. అయితే ఎవరికి ఏది అవసరమో చూడాలి. సెల్యూకస్‌కు అసలు శత్రువు పడమట ఉన్నాడు. ఆంటిగొనస్ ఆసియా మైనరులో బలపడుతుండగా సింధుతీరంలో ఏళ్లతరబడి చిక్కుకుపోవడం అతనికి ఆత్మహత్యతో సమానం. విడిచిన ప్రాంతాలలో కూడా అతని పట్టు అంతంతమాత్రమే. తాను గట్టిగా నిలుపుకోలేని భూమిని ఇచ్చి, మరెక్కడా దొరకని యుద్ధబలాన్ని అతడు సంపాదించుకొన్నాడు. మరి చంద్రగుప్తునికో? హిందూకుష్ కనుమలు చేతికి వస్తే వాయవ్యం నుండి మరొక అలెగ్జాండర్ దిగివచ్చే దారి మూసుకుపోతుంది. గుర్రాన్ని గాని ఏనుగును గాని సామాన్యులు ఉంచుకోరాదనీ, అవి రాజుసొత్తనీ గ్రీకు రాయబారి ఒకడు వ్రాశాడు. మగధ అడవులలో ఏనుగులకు కొదువ లేదు. కనుక చంద్రగుప్తుడు ఇచ్చినది కూడా తనకు సమృద్ధిగా ఉన్న సంపదనే. ఒకరికి మిగులుగా ఉన్నది మరొకరికి కరవుగా ఉన్నదై, అవి చేతులు మారాయి. ఈ సంధి నిలిచిన రహస్యం చాలావరకు ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. ఓడినవాని మెడమీద కత్తి పెట్టి వ్రాయించుకొన్న పత్రం ఆ కత్తి తీసిన మరుక్షణం చెల్లకుండా పోతుంది. ఈ ఒడంబడికను మీరవలసిన అవసరం ఇద్దరిలో ఎవరికీ కలుగలేదు.

రాజులు అనుసరింపదగిన ఆరు ఉపాయాలను కౌటిల్యుని అర్థశాస్త్రం షాడ్గుణ్యమని పేర్కొన్నది. వాటిలో మొదటిది సంధి, రెండవది విగ్రహం, అంటే యుద్ధం. ఆ గ్రంథం రచనాకాలంపై పండితులలో భిన్నాభిప్రాయాలున్నాయి గనుక ఈ సంధిని చాణక్యుడే దగ్గరుండి నడిపించాడని సాహసించి చెప్పరాదు. నాటకకర్తలకు ఆ స్వేచ్ఛ ఉన్నది, మనకు లేదు.

వివాహసంబంధం గురించి కూడా ఒక మాట చెప్పాలి. సెల్యూకస్ కుమార్తెను చంద్రగుప్తుడు పెండ్లాడాడనీ, ఆమె పేరు హెలెన్ అనీ కథలూ నాటకాలూ చెబుతాయి. ప్రాచీన గ్రంథాలలో ఆ పేరు లేదు. ఎవరు ఎవరిని పెండ్లాడారో కూడా లేదు. స్ట్రాబో వాడిన గ్రీకుపదానికి రెండు రాజవంశాలు వియ్యమందడమని గాని, రెండు జాతుల ప్రజల మధ్య వివాహాలను చెల్లుబాటుగా అంగీకరించడమని గాని అర్థం చెప్పుకోవచ్చు. రెండవ అర్థమే నిజమైతే దాని ప్రాధాన్యం తక్కువేమీ కాదు. ఆరకోసియాలో అప్పటికే గ్రీకు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. రాజులు తమ సరిహద్దును జరుపుకొన్నారు. దానితో ఒక్కరాత్రిలో ఆ కుటుంబాలు పరాయి ప్రభువు ప్రజలయ్యాయి. వారి పిల్లల వివాహాలు, వారసత్వాలు ఏ ధర్మం ప్రకారం చెల్లుతాయన్నది రాచబిడ్డ పెండ్లికన్నా ఎక్కువమందికి సంబంధించిన ప్రశ్న.

ఏనుగులు పడమటికి నడిచాయి. వేల కిలోమీటర్ల దూరం ఎడారులు, కొండలు దాటుతూ వాటికి మేతా నీరూ సమకూర్చి నడిపించడం సామాన్యమైన పని కాదు. క్రీ.పూ. 302 శీతాకాలానికి సెల్యూకస్ ఆసియా మైనరు చేరినప్పుడు అతని వెంట 480 ఏనుగులున్నాయని డియోడోరస్ లెక్క. ఇచ్చినవి నిజంగా 500 ఉన్నాయా అని అనుమానించిన ఆధునిక చరిత్రకారులు లేకపోలేదు. అయినా వేర్వేరు రచయితల లెక్కలు ఇంత దగ్గరగా ఉండడం గమనింపదగినది. మరుసటి సంవత్సరం, అంటే క్రీ.పూ. 301లో, ఫ్రిజియాలోని ఇప్సస్ వద్ద మహాయుద్ధం జరిగింది. ఒకవైపు ఎనభై యేళ్లు పైబడిన ఆంటిగొనస్, అతని కుమారుడు డెమెట్రియస్. మరొకవైపు సెల్యూకస్, లిసిమాకస్. ఆంటిగొనస్ పక్షాన 75 ఏనుగులుంటే సెల్యూకస్ పక్షాన 400 ఉన్నాయని ప్లూటార్క్ చెప్పాడు. డెమెట్రియస్ తన అశ్వదళంతో సెల్యూకస్ కుమారుని ఓడించి, గెలుపు మత్తులో చాలా దూరం తరుముకుపోయాడు. అతడు తిరిగివచ్చేసరికి అతనికీ తండ్రికీ నడుమ ఏనుగులు గోడవలె నిలిచి ఉన్నాయి. ఆ గోడను దాటడానికి గుర్రాలు సాహసించలేదు. కొడుకు వచ్చి ఆదుకొంటాడని చివరిదాకా ఎదురుచూస్తూ ఆంటిగొనస్ శూలాల వానలో నేలకూలాడు. సింధుతీరంలో కుదిరిన ఒక ఒప్పందం ఆసియా మైనరులో ఒక సామ్రాజ్యం భవిష్యత్తును నిర్ణయించింది.

డెమెట్రియస్ కొలువులో పానగోష్ఠి జరిగినప్పుడు అతడొక్కడే రాజనీ, సెల్యూకస్ కేవలం 'గజాధ్యక్షుడ'నీ పరిహసించేవారట. ఏనుగు బ్రతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని మన సామెత. సెల్యూకస్‌కు మాత్రం బ్రతికిన ఏనుగులే రాజ్యం సంపాదించి పెట్టాయి. ఆ తరువాత సిరియాలోని అపామియా నగరంలో అతని గజశాల వెలసింది.

సంధి ఒకసారి చేసుకొనేదే అయినా దౌత్యం ప్రతిదినం నడవవలసినది. సెల్యూకస్ పక్షాన పాటలీపుత్రానికి వచ్చిన రాయబారి మెగస్తనీస్. అతడు ఆరకోసియా పాలకుడైన సిబిర్టియస్ వద్ద ఉంటూ, చంద్రగుప్తుని దర్శించి వస్తుండేవాడని ఏరియన్ చెప్పాడు. అతడు రచించిన 'ఇండికా' అనే గ్రంథం నేడు లభ్యం కావడం లేదు. స్ట్రాబో, ఏరియన్, డియోడోరస్ వంటివారు అందులో నుండి ఉదహరించిన భాగాలే మనకు మిగిలాయి. పాటలీపుత్రం 80 స్టేడియాల పొడవు, 15 స్టేడియాల వెడల్పు గల నగరమని, అంటే సుమారు 14 కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్లకు పైబడిన వెడల్పు కలదని అతడు వర్ణించాడు. నగరం చుట్టూ కొయ్యతో కట్టిన ప్రాకారానికి 570 బురుజులు, 64 ద్వారాలు ఉన్నాయట. ఇరవయ్యవ శతాబ్దంలో పాట్నాలోని బులందీబాగ్ వద్ద జరిగిన త్రవ్వకాలలో ఆ కొయ్యగోడ అవశేషాలు బయటపడ్డాయి.

అతని వర్ణనలో దౌత్యానికి సంబంధించిన ముఖ్యవిషయం మరొకటి ఉన్నది. నగరపాలనకు ఐదుగురేసి సభ్యులతో ఆరు సంఘాలుండేవి. వాటిలో ఒకటి కేవలం విదేశీయుల కోసం ఏర్పడినది. వచ్చినవారికి బస చూపించడం, వెంట పరిచారకులను నియమించి వారి నడవడిని కనిపెట్టడం, రోగం వస్తే వైద్యం చేయించడం, మరణిస్తే అంత్యక్రియలు జరిపించి వారి ఆస్తిని బంధువులకు చేర్చడం ఆ సంఘం విధులు. ఆతిథ్యమూ నిఘా ఒకే చేతిలో ఉన్నాయన్నమాట. ఒక నగరం పరదేశీయుల కోసం ప్రత్యేకంగా ఒక సంఘాన్ని నిలుపుకొన్నదంటే, అక్కడికి వచ్చిపోయే పరదేశీయులు ఏ ఒకరో ఇద్దరో కారని ఊహించవచ్చు. దూత రాజుకు నోటివంటివాడనీ, అతడెంతటి అప్రియం పలికినా వధింపరాదనీ అర్థశాస్త్రం కూడా విధించింది.

మెగస్తనీస్ చెప్పిందంతా వేదవాక్కు కాదు. నోరులేని మనుష్యుల గురించీ, బంగారం త్రవ్వే చీమల గురించీ విన్నవి విన్నట్లు వ్రాశాడు. భారతదేశంలో బానిసలే లేరన్నాడు. అశోకుని శాసనాలే దాసులపట్ల దయ చూపమని బోధిస్తుండగా ఆ మాటను ఎలా నమ్మగలం? స్ట్రాబో అయితే అతనిని అబద్ధాలకోరుల జాబితాలో చేర్చాడు. చేరుస్తూనే తన గ్రంథం నిండా అతని మాటలనే వాడుకొన్నాడు. మనమూ కొంత అదే పని చేస్తున్నాం. ఆంధ్రులకు ప్రాకారాలతో కూడిన 30 నగరాలు, లక్ష కాల్బలం, 2,000 ఆశ్వికదళం, 1,000 ఏనుగులు ఉన్నట్లు ప్లినీ వ్రాసిన లెక్క మెగస్తనీస్ నుండే వచ్చి ఉంటుందని పండితులు భావిస్తున్నారు. ఆంధ్రుల బలాన్ని గురించి విదేశీయులు చెప్పిన తొలి మాటలలో ఇది ఒకటి. గ్రీకులు 'సాండ్రకోటస్' అన్న రాజు చంద్రగుప్తుడేనని 1793లో సర్ విలియం జోన్స్ గుర్తించిన తరువాతనే ప్రాచీన భారతచరిత్రకు కాలక్రమం నిర్ణయించడం సాధ్యమైంది. మన రాజు ఏ కాలంవాడో తెలుసుకోవడానికి మనకు పరాయిదేశపు రాయబారే సాక్షి అయ్యాడు.

చంద్రగుప్తుని తరువాత అతని కుమారుడు బిందుసారుడు రాజయ్యాడు. గ్రీకులు అతనిని 'అమిత్రొకేటస్' అన్నారు. అమిత్రఘాతుడు, అంటే శత్రుసంహారకుడు అన్న బిరుదుకు అది వికృతరూపం కావచ్చు. అతని కొలువుకు డైమాకస్ అనే రాయబారి వచ్చాడు. తీపి ద్రాక్షసారాయాన్నీ, ఎండిన అత్తిపండ్లనూ, ఒక తత్త్వవేత్తనూ కొని పంపవలసిందిగా బిందుసారుడు ఆంటియోకస్ రాజుకు లేఖ వ్రాశాడట. పండ్లనూ సారాయాన్నీ పంపుతాం గాని, తత్త్వవేత్తలను అమ్మడం గ్రీకుల ధర్మానికి విరుద్ధమని ఆంటియోకస్ బదులిచ్చాడని అథీనియస్ అనే రచయిత చెప్పాడు. కథ కొంత పెరిగి ఉండవచ్చు. కాని రాజులిద్దరి మధ్య ఇటువంటి చనువుకు వీలున్నదని విన్నవారు నమ్మారు గదా! ఈజిప్టు ప్రభువు టాలమీ ఫిలడెల్ఫస్ కూడా డయోనిసియస్ అనే దూతను మన దేశానికి పంపాడు.

అశోకుని కాలంలో ఈ సంబంధం మరొక మలుపు తిరిగింది. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు అతడు కళింగాన్ని జయించాడు. లక్షమంది హతులయ్యారనీ, లక్షా యాభైవేల మంది బందీలుగా తరలింపబడ్డారనీ, అంతకు ఎన్నోరెట్ల మంది ఇతరంగా మరణించారనీ పదమూడవ శిలాశాసనంలో అతడు స్వయంగా ఒప్పుకొన్నాడు. ఇకమీదట ధర్మవిజయమే నిజమైన విజయమని ప్రకటించి, ఆ విజయం తన సరిహద్దులు దాటి ఐదుగురు యవనరాజుల దేశాలకు కూడా చేరిందని చెప్పాడు. అంతియోక, తురమాయ, అంతికిని, మక, అలికసుదర అని ఆ రాజుల పేర్లు. వీరు వరుసగా సిరియాకు చెందిన ఆంటియోకస్, ఈజిప్టు టాలమీ, మాసిడోనియా ఆంటిగొనస్, సైరీన్ నగరప్రభువు మాగస్, ఒక అలెగ్జాండర్. ఇదే శాసనం తన రాజ్యంలోని జాతులను పేర్కొంటూ యవనులనూ ఆంధ్రులనూ ఒకే వరుసలో నిలిపింది.

ఆ యవనప్రజలు ఎవరు? సంధి నాడు ప్రభువు మారిన ఆరకోసియా గ్రీకులే, వారి సంతతివారే. 1958లో కాందహార్ వద్ద అశోకుని ద్విభాషా శాసనం వెలుగుచూసింది. అందులో పైన గ్రీకు, క్రింద అరామిక్ భాషలున్నాయి. గ్రీకుపాఠంలో 'ధర్మం' అన్న మాటకు దైవభక్తిని, పెద్దలపట్ల గౌరవాన్ని సూచించే 'యుసెబియా' అన్న పదం వాడారు. గ్రీకు సంస్కారం ఎరిగినవాడే చేయగల అనువాదమది. 1963లో అక్కడే మరొక గ్రీకు శాసనఖండం దొరికింది. కళింగయుద్ధంలో ఎందరు చనిపోయారో, ఎందరు బందీలయ్యారో అది గ్రీకుభాషలో చెబుతుంది. విచిత్రమేమిటంటే కళింగదేశంలోని ధౌలి, జౌగడ శాసనాలలో ఈ పదమూడవ శాసనం లేదు. దెబ్బతిన్నవారి ముందు అశోకుడు ఆ లెక్క విప్పలేదు. ఎక్కడో ఉన్న కాందహార్ గ్రీకుల ముందు విప్పాడు, ఎర్రగుడిలోనూ చెక్కించాడు. ఇది పశ్చాత్తాపంలోని సంకోచమా, రాజనీతిలోని జాగ్రత్తా? విద్యార్థులు ఎవరికివారు ఆలోచించుకోవాలి.

అశోకుని ధర్మదూతలు పశ్చిమదేశాలలో ఎవరిని కలిశారో, ఏమి సాధించారో చెప్పే గ్రీకు గ్రంథం ఒక్కటీ లేదు. చంద్రగుప్తుని సంధిని మన గ్రంథాలు పట్టించుకోలేదు, అశోకుని దూతలను గ్రీకు గ్రంథాలు పట్టించుకోలేదు. ఎవరి కథ వారికే ముఖ్యమైంది.

అశోకుని మరణానంతరం మౌర్యసామ్రాజ్యం బలహీనమైంది. అయినా పాత ఒడంబడిక జ్ఞాపకం చెదరలేదు. క్రీ.పూ. 206లో సెల్యూకస్ వంశీయుడైన మూడవ ఆంటియోకస్ హిందూకుష్ దాటి వచ్చి, 'సోఫగసేనస్' అనే భారతీయ రాజుతో స్నేహాన్ని పునరుద్ధరించుకొన్నాడని పాలిబియస్ వ్రాశాడు. పునరుద్ధరించుకొన్నాడన్న మాటను గమనించాలి. సుమారు నూరేళ్ల క్రిందటి స్నేహం వారికింకా గుర్తున్నదన్నమాట. ఆ రాజు పేరు సుభగసేనుడు కావచ్చు. ఈసారి కూడా ఆంటియోకస్ ఏనుగులనే అందుకొన్నాడు. వాటితో అతని గజబలం 150కి పెరిగింది. రాజు ఇస్తానన్న ధనాన్ని వసూలు చేసి తీసుకురావడానికి ఆండ్రోస్థెనీస్ అనే అధికారిని వెనుక నిలిపి తాను వెళ్లిపోయాడు. తాతల నాటి సంధిలో భూమి ఇచ్చి ఏనుగులు పుచ్చుకొన్నారు. ఈసారి పుచ్చుకోవడమే గాని ఇచ్చిన దాఖలా లేదు. స్నేహమన్న పేరు అదే అయినా తూనిక మారింది.

తరువాత ముప్పై యేళ్లు గడవకముందే తూనిక పూర్తిగా తప్పింది. క్రీ.పూ. 185 ప్రాంతంలో మౌర్యవంశం అంతరించింది. సెల్యూకస్ వంశం నుండి విడివడి బాక్ట్రియాలో స్వతంత్రులైన గ్రీకురాజులు హిందూకుష్ దిగువకు దండెత్తి వచ్చారు. వారికి సంధిని పాటించవలసిన పూర్వబంధమేదీ లేదు. యవనులు సాకేతాన్నీ మధ్యమికనూ ముట్టడించిన సంగతి పతంజలి మహాభాష్యంలో వ్యాకరణసూత్రానికి ఉదాహరణగా కనిపిస్తుంది. ఆ రాజులలో మినాండర్ బౌద్ధ వాఙ్మయంలో మిళిందుడై, నాగసేన భిక్షువును ప్రశ్నలడిగిన జిజ్ఞాసువుగా నిలిచిపోయాడు.

అయితే దూతలు మళ్లీ వచ్చారు. మధ్యప్రదేశ్‌లోని విదిశ సమీపాన బేస్‌నగర్‌లో ఒక గరుడస్తంభం ఉన్నది. తక్షశిల నివాసి, దియుని కుమారుడు హెలియోడోరస్ దానిని వాసుదేవుని పేరిట నిలిపాడు. అతడు అంతలికితుడు, అంటే ఆంటియాల్కిడస్ అనే యవనరాజు వద్ద నుండి భాగభద్రుడనే రాజు కొలువుకు, ఆ రాజు పాలన పదునాల్గవ సంవత్సరంలో వచ్చిన రాయబారి. కాలం క్రీ.పూ. రెండవ శతాబ్దం చివరిభాగం. ఏ పనిమీద వచ్చాడో, ఏ ఒప్పందం కుదిరిందో స్తంభం చెప్పదు. తాను భాగవతుడనని మాత్రం అతడు ప్రాకృతంలో వ్రాయించుకొన్నాడు. 1877లో కన్నింగ్‌హామ్ ఈ స్తంభాన్ని చూశాడు గాని, స్థానిక భక్తులు తరతరాలుగా పూసిన సింధూరం పొరల క్రింద అక్షరాలున్నాయని గుర్తించలేకపోయాడు. 1909లో ఆ సింధూరాన్ని తొలగించినప్పుడు యవనదూత పేరు బయటపడింది.